పాత సేఫ్టీ రేజర్లలో ఏది కొనాలి, ఏది చూసి వదిలేయాలి

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో నేలమీద పరిచిన టార్పాలిన్ మీద అన్నీ కలిసే ఉంటాయి. తాళం లేని చెవులు, ముల్లు విరిగిన గడియారాలు, ఇత్తడి కుళాయిలు, ఎవరింటివో ఫ్యాను రెగ్యులేటర్లు. ఆ కుప్పలోంచి ఒక పాత షేవింగ్ సెట్టు తీసి ఒక్క క్షణం ఎక్కువ చూశారంటే చాలు, అమ్మే ఆయన కనిపెట్టేస్తాడు. “అంగ్రేజోంకా మాల్ హై సాబ్” అంటాడు. ఆ మాటతో ధర రెట్టింపు.

నాకు అలా దొరికిన మొదటి రేజర్ మీద నిజంగానే “మేడ్ ఇన్ ఇంగ్లండ్” అని ఉంది. దొరల కాలం నాటిదని మురిసిపోతూ ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత తెలిసింది, అది జిల్లెట్ టెక్ అనే మోడల్ అని. లండన్ పడమటి వైపు ఐల్‌వర్త్‌లో ఉన్న జిల్లెట్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది, దొరలు మన దేశం వదిలి వెళ్లాక కూడా దశాబ్దాలపాటు ఈ సరుకు తయారుచేస్తూనే ఉంది. కాబట్టి నా చేతిలోది ఏ 1960ల నాటిదో అయ్యుండొచ్చు. పురాతన వస్తువుగా చూస్తే నేను మోసపోయినట్టే. రేజర్‌గా చూస్తే మాత్రం లాభపడ్డాను. ఇవాళ పొద్దున కూడా దానితోనే గడ్డం గీసుకున్నాను.

అప్పటినుంచి కొన్నవాటిలో సగం తెలివిగా కొన్నాను, సగం పేరు చూసి కొన్నాను. పేరు చూసి కొన్నవన్నీ ఇప్పుడు డబ్బాలో ఉన్నాయి. పాత రేజర్ ఎంచుకునేటప్పుడు వయసు, పేరు, “రేర్ పీస్ సార్” అనే మాట తర్వాత సంగతి. ముందు చూడాల్సినవి రెండే. దానికి పట్టే బ్లేడు సులువుగా దొరుకుతుందా? పెట్టిన బ్లేడు రెండు వైపులా సమంగా కూర్చుంటుందా?

బ్లేడు నుంచి వెనక్కి రండి

పాత రేజర్లన్నీ ఒక జాతి కావు. మనం కిరాణా కొట్లో “బ్లేడు ఇవ్వండి” అంటే ఇచ్చే రెండంచుల పల్చటి బ్లేడు ఉంది చూశారూ, సెవెన్ ఓ క్లాక్, టోపాజ్, సూపర్‌మ్యాక్స్, విల్కిన్సన్ లాంటివి, అది పట్టేవి ఒక జాతి. జిల్లెట్ పాత మోడళ్లన్నీ దాదాపు ఇవే. 1910 నాటి జిల్లెట్‌లో కూడా నిన్న కొన్న బ్లేడు పెడితే చక్కగా కూర్చుంటుంది. నూరేళ్లు దాటిన యంత్రానికి విడిభాగం ఊరి కొట్లో దొరకడం ఇంకే వస్తువులో చూస్తాం చెప్పండి.

రెండో జాతి ఒంటి అంచు బ్లేడువి. అమెరికాలో జెమ్, ఎవర్ రెడీ పేర్లతో వచ్చినవి, షిక్ వాళ్ల ఇంజెక్టర్, వ్యాలెట్ ఆటోస్ట్రాప్ ఇందులోకి వస్తాయి. జెమ్ బ్లేడు మందంగా ఉంటుంది, ఒక వైపు అంచు, రెండో వైపు లోహపు వెన్ను. జెమ్ మైక్రోమ్యాటిక్ నాకు చాలా ఇష్టమైన వస్తువు. కింద తిప్పితే పై మూత పెట్టెలా తెరుచుకుంటుంది, బ్లేడు జారవిడిచి మళ్లీ తిప్పితే టక్కున మూసుకుంటుంది. దీన్ని మామూలు రేజర్‌లా వాలుగా పట్టకూడదు, తలని చెంపకు దాదాపు బల్లపరుపుగా ఆనించాలి. అలవాటైతే ఆ సుఖమే వేరు. కానీ ఆ బ్లేడ్లు మన కొట్లలో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అమెరికాలో ఉండే మనవాళ్లకి ఈ చిక్కు లేదు, జెమ్ బ్లేడ్లు, ఇంజెక్టర్ బ్లేడ్లు అక్కడ ఇంకా కొత్తవే అమ్ముతున్నారు. వాళ్లకి నేను చెప్పేదల్లా హార్డ్‌వేర్ షాపులో రంగు గీకడానికి అమ్మే ఒంటి అంచు బ్లేడు అచ్చం అలాగే కనిపిస్తుందనీ, దాన్ని మొహం మీద పెట్టొద్దనీ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ రోజూ వాడాలనుకునేవాళ్లు మొదటి రేజర్‌గా ఈ జాతి జోలికి పోకండి.

మూడోది రోల్స్ రేజర్. పాత సామాన్ల కొట్లలో ఇది కనిపిస్తే చాలామంది సిగరెట్ పెట్టె అనుకుంటారు. చదునైన లోహపు పెట్టె, రెండు వైపులా ఊడొచ్చే మూతలు. ఒక మూతలో సానరాయి, రెండో మూతలో తోలు పట్టీ. బ్లేడు అచ్చం మంగలి కత్తిని చిన్న ముక్క చేసినట్టు ఉంటుంది. పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతుంటే ప్రతి కొసలోనూ బ్లేడు పల్టీ కొట్టి, టకటకమంటూ తనంతట తనే సాన పడుతుంది. బ్లేడు కొనాల్సిన పనే లేదు అన్నది దీని గొప్ప. చూడముచ్చటైన యంత్రం, కాదనను. కానీ పాత వాటిలో రాయి పగిలి ఉండటం, తోలు ఎండి చెక్కలా అయిపోవడం మామూలు. బ్లేడు అంచున ఒక్క తుప్పు గుంట ఉన్నా ఇక అంతే. ఇది అద్దాల బీరువాలో పెట్టుకునే రేజర్. అన్నట్టు, ఆ కంపెనీ చివరికి బట్టలుతికే యంత్రాల అమ్మకాల్లోకి దిగి 1964లో బోర్లా పడింది, బ్రిటన్‌లో అప్పట్లో పెద్ద గొడవే అయింది.

కాబట్టి మిగిలింది మొదటి జాతి. అసలు ఎంపికంతా అక్కడే ఉంది.

పళ్లున్నవి, లేనివి

కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఆయనకు పారేసే బ్లేడు అన్న ఆలోచన 1895లో వచ్చింది. పల్చటి ఉక్కు రేకుకు పదును నిలిచేలా చేసే పద్ధతిని విలియం నికర్సన్ అనే ఇంజనీరు సాధించాక, 1903లో అమ్మకం మొదలైంది. ఆ మొదటి ఏడు అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఒక సెట్టు ధర 5 డాలర్లు, అప్పటి కూలివాడికి అది వారం జీతంలో పెద్ద ముక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లకు ఆర్డర్ పెట్టింది. అందుకే ఈ తొలి రకం, కలెక్టర్లు (అంటే పాత రేజర్లు సేకరించేవాళ్లు) “ఓల్డ్ టైప్” అని పిలిచేది, వయసుకు తగ్గట్టు అరుదైనదేమీ కాదు. అమ్మేవాళ్లు వందేళ్ల నాటిదని చెప్తే అది నిజమే కావచ్చు. ఆ ఒక్క కారణంతో ధర మాత్రం పెంచనివ్వకండి.

ఓల్డ్ టైప్ మూడు ముక్కలు: వంపు తిరిగిన పై మూత, దువ్వెనలా పళ్లున్న కింది పలక, సన్నటి పిడి. పిడిని బిగించేకొద్దీ బ్లేడు వంగి అంచు బిగుసుకుంటుంది. పళ్లు ఉండటం వల్ల నాలుగైదు రోజుల గడ్డం కూడా మూసుకుపోకుండా తెగుతుంది. వారానికి రెండుసార్లే గీసుకునేవాళ్లకు ఇది మంచి జోడి. చరిత్ర మీద మక్కువ ఉండి ఒక్కటే కొనుక్కుంటాను అనేవాళ్లకి కూడా నేను దీన్నే చెప్తాను. రోజూ ఆఫీసుకు పరుగెత్తే ముందు ఐదు నిమిషాల్లో ముగించేవాళ్లకి చెప్పను.

దీనికి మూడు జబ్బులు. పిడి మెడ దగ్గర వెంట్రుక మందాన చీలిక వస్తుంది. కింద పడితే పళ్లు వంగుతాయి. పై మూత మూలలు కూడా వంగుతాయి, అప్పుడు ఆ మూలన బ్లేడు లేచి చర్మం గీరుకుపోతుంది. ఈ మూడో జబ్బు కథ మీ చేతిలోని బ్లేడు మీదే రాసి ఉంది. మామూలు బ్లేడు తీసి చూడండి, నాలుగు మూలలా చిన్న కోత ఉంటుంది. 1930లో జిల్లెట్ “న్యూ” అనే మోడల్ తెచ్చినప్పుడు మూత మూలలు వంగే గొడవ వదిలించడానికి మూలలు దృఢంగా చేసి, వాటికి చోటిస్తూ బ్లేడు మూలలు కత్తిరించేశారు. ఆ కోత నేటికీ పోలేదు.

1921లో జిల్లెట్ తొలి పేటెంట్ గడువు ముగియబోతుంటే కంపెనీ “న్యూ ఇంప్రూవ్డ్” అని ఒక మెరుగైన రకం తెచ్చి 5 డాలర్లకు పెట్టి, పాతదాన్నే ఒక్క డాలరుకు దించేసింది. ఈ న్యూ ఇంప్రూవ్డ్‌ను కలెక్టర్లు పెద్దగా పట్టించుకోరు. చేతికి మాత్రం ఓల్డ్ టైప్ కన్నా గట్టిగా, బిగువుగా ఉంటుంది. ఆ తర్వాతి 1930ల “న్యూ”లో పొట్టి పళ్లవీ, పొడుగు పళ్లవీ రెండున్నాయి. గడ్డం గట్టిగా ఉండి, మెత్తగా తెగే రేజర్‌తో రెండుసార్లు గీసినా గరుకు పోని వాళ్లు పొడుగు పళ్లది వెతకండి. ఇది కాస్త దూకుడుగా తెగుతుంది, చెయ్యి తేలిగ్గా ఉండాలి.

మొదటి రేజర్‌గా టెక్

టెక్ 1938లో వచ్చింది. పళ్లు తీసేసి, ఆ చోట నున్నటి పట్టీ పెట్టారు. మూడు ముక్కలే, తిరిగే భాగాలు లేవు, చెడిపోవడానికి ఏమీ లేదు. తోమడం తేలిక. గీత పడటం కష్టం. నేర్చుకునేవాళ్లకి, మొటిమలున్నవాళ్లకి, పొద్దున్నే సగం నిద్రలో గీసుకునేవాళ్లకి దీన్ని మించినది లేదు. ఇంకో మంచి సంగతి, కలెక్టర్లు దీన్ని చిన్నచూపు చూస్తారు కాబట్టి ధర తక్కువ.

చూడాల్సిందల్లా పిడి. కొన్ని పిడులు ఇత్తడి మీద పూత వేసినవి, కొన్ని అల్యూమినియంవి. ఇత్తడిది చేతిలో బరువుగా, చల్లగా తెలుస్తుంది. తల ఒకటి, పిడి ఒకటి వేరే మోడల్‌ది కలిపి అమ్మడం కూడా ఉంది. ఇలాంటి అతుకుల బొంతలు గడ్డం గీయడానికి పనికొస్తాయి, మర సరిపోతే చాలు. సేకరణలో పెట్టుకోవడానికి మాత్రం వద్దు.

టెక్ చాలా మెత్తన అని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. నిజమే, మూడు రోజుల గడ్డానికి ఇది తడబడుతుంది. అలాంటివాళ్లు కింద చెప్పబోయే రకానికి వెళ్లండి.

రెక్కలు తెరుచుకునేవి

పిడి కింద గుండీ తిప్పితే పైన రెండు రెక్కలు తలుపుల్లా తెరుచుకునే రకం 1934లో అరిస్టోక్రాట్‌తో మొదలైంది. 1947లో వచ్చిన సూపర్ స్పీడ్‌తో అది అమెరికాలో ఇంటింటికీ చేరింది. ఇంగ్లండ్‌లో అలాంటిదే రాకెట్. విప్పి ముక్కలు సింకు పక్కన పెట్టుకునే పని లేదు, తిప్పు, బ్లేడు వెయ్యి, తిప్పు. తెరుచుకునే ఆ కదలికను ఊరికే చూడాలనిపిస్తుంది, మా ఇంట్లో పిల్లలు నా డబ్బాలోంచి తీసేది ఈ రకాన్నే (బ్లేడు లేనప్పుడు).

సూపర్ స్పీడ్‌లో ఒక చిన్న కిటుకు ఉంది. 1950ల మధ్యలో పిడి చివర రంగుతో మూడు రకాలు అమ్మారు. నీలం రంగుది మెత్తన, లేత గడ్డానికి. ఎర్రది దూకుడు, గట్టి గడ్డానికి. రంగు లేనిది మధ్యస్థం. నీలం, ఎరుపు తక్కువగా దొరుకుతాయి కాబట్టి ధర ఎక్కువ పలుకుతాయి. రంగు మళ్లీ వేసినవి కూడా వస్తుంటాయి, చివర రంగు కొత్త బండి మీద పెయింటులా తళతళలాడుతుంటే అనుమానించండి. రోజువారీ వాడకానికి రంగులేని సూపర్ స్పీడ్ ఒక్కటి చాలు. టెక్ దాటి ఒక మెట్టు పైకి వెళ్దామనుకునేవాళ్లకి ఇదే నా సలహా.

మన వైపు ఒక తలనొప్పి ఉంది: బోరు నీళ్లు. ఆ తెల్లటి గార రెక్కల సందుల్లో, తిరిగే మరలో పేరుకుంటుంది. వాడాక బ్లేడు వదులు చేసి కడిగి, తువ్వాలుతో ఒత్తి ఆరబెట్టే ఓపిక లేనివాళ్లు టెక్‌తోనే ఉండిపోండి.

ఫ్యాట్‌బాయా, స్లిమ్మా

కొత్తగా ఈ పిచ్చిలో పడ్డవాళ్లు అందరికన్నా ముందు అడిగే రేజర్ ఫ్యాట్‌బాయ్. కంపెనీ పెట్టిన పేరు కాదది. 1958లో వచ్చిన ఈ రేజర్ ధర ఒక డాలర్ 95 సెంట్లు, అందుకే అసలు పేరు “195 అడ్జస్టబుల్”. పొట్టిగా, బొద్దుగా, బరువుగా ఉంటుంది కాబట్టి కలెక్టర్లు ఆ ముద్దుపేరు పెట్టారు. మెడ దగ్గర 1 నుంచి 9 దాకా అంకెలున్న చక్రం ఉంటుంది. అంకె పెంచితే బ్లేడుకూ పట్టీకి మధ్య సందు పెరిగి దూకుడు పెరుగుతుంది. 1961లో దీని స్థానంలోకి సన్నటి పిడితో స్లిమ్ వచ్చింది, 1968 దాకా తయారైంది. ఆ తర్వాత నల్లటి ప్లాస్టిక్ పిడి సూపర్ అడ్జస్టబుల్.

నా దగ్గర ఫ్యాట్‌బాయ్, స్లిమ్ రెండూ ఉన్నాయి. మూడేళ్లుగా బాత్రూమ్ అలమారలో ఉంటున్నది స్లిమ్. లోపలి పనితనం రెండింటిదీ ఒకటే. అదే అంకె మీద స్లిమ్ రవ్వంత మెత్తగా తెగుతుంది, కావాలంటే అంకె ఒకటి పెంచుకుంటే సరి. మీసం కింద, దవడ మూలలో స్లిమ్ సులువుగా తిరుగుతుంది. ఫ్యాట్‌బాయ్ బరువు కొందరికి నచ్చుతుంది, ఆ బరువే పని చేస్తుంది అంటారు. వాళ్లతో నేను వాదించను. కానీ ఒకే స్థితిలో ఉన్న రెండింటిలో ఫ్యాట్‌బాయ్ ధర బాగా ఎక్కువ, ఆ ఎక్కువ సొమ్ము పేరుకే పోతోంది. మొదటి అడ్జస్టబుల్‌గా స్లిమ్ కొనండి. ఫ్యాట్‌బాయ్ కావాలనే కోరిక ఆరు నెలల తర్వాత కూడా మిగిలి ఉంటే అప్పుడు చూద్దాం.

ప్లాస్టిక్ పిడి సూపర్ అడ్జస్టబుల్‌ను జనం తీసిపారేస్తారు, నాకు మాత్రం అది డబ్బుకు తగ్గ వస్తువు. తడి చేతిలో జారదు.

ఈ అమెరికా జిల్లెట్‌ల కింద, తల అడుగున ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం సంవత్సరం, అంకె ఆ ఏడాదిలో ఎన్నో మూడు నెలల విడత అనేది. ఎ అంటే 1955. అక్కణ్నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు: డి 1958, ఎఫ్ 1960, ఎన్ 1968. ఫ్యాట్‌బాయ్ అని అమ్ముతున్నదాని మీద జె అని ఉంటే అది 1964 సరుకు, అంటే ఫ్యాట్‌బాయ్ కాదు. తాము పుట్టిన సంవత్సరపు రేజర్ వెతుక్కోవడం చాలామంది కలెక్టర్ల సరదా. నేను మా నాన్నగారి సంవత్సరం వెతికి తెచ్చిస్తే, ఆయన రెండు రోజులు వాడి, తన ప్లాస్టిక్ రేజర్‌కే తిరిగి వెళ్లిపోయారు.

అసలు పాతదే ఎందుకు

కొత్తది కొనుక్కోవడమే మేలైనవాళ్లు కూడా ఉన్నారు. వెతకడం, బేరమాడటం, తోమడం వీటిలో ఏదీ సరదా కానివాళ్లు జర్మనీ మెర్కుర్‌దో, మన దేశంలోనే తయారయ్యే పార్కర్‌దో తీసుకోవచ్చు. కానీ నేటి రేజర్లలో చాలావాటి తల జింకు మిశ్రమలోహంతో పోతపోసి క్రోమ్ పూత వేసింది. పూత ఎక్కడైనా లేచిందంటే లోపలి లోహం తినేసుకుపోతుంది, కింద పడితే మర ఉన్న కడ్డీ పుటుక్కున విరుగుతుంది. పాత జిల్లెట్‌లు ఎక్కువగా ఇత్తడివి. పూత పోతే ఇత్తడి రంగు కనిపిస్తుంది, అంతే, పనికి లోటు రాదు. పాత రేజర్ కొనడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనిపించలేదు. అది రొమాంటిక్ కారణం కాదు, లోహం సంగతి.

కొనేముందు

చేతిలో పట్టుకుని కొనేటప్పుడు జేబులో ఒక కొత్త బ్లేడు ఉంచుకోండి, కాగితంలో చుట్టి. పెట్టి, బిగించి, కంటి ఎత్తులో పక్కనుంచి చూడండి. రెండు వైపులా బ్లేడు ఒకేలా బయటికి రావాలి, పట్టీకి సమాంతరంగా ఉండాలి. ఒక వైపు ఎక్కువుంటే ముందు బ్లేడు తీసి మళ్లీ పెట్టండి, చాలాసార్లు అది మన పొరపాటే. రెండోసారీ అలాగే ఉంటే వదిలేయండి. రెక్కల రకమైతే రెండు రెక్కలూ కలిసి లేవాలి, కలిసి వాలాలి. అడ్జస్టబుల్ అయితే చక్రం 1 నుంచి 9 దాకా తిరగాలి, తిప్పుతుంటే తల లోపలి పలక కదలడం కనిపించాలి. బిగుసుకుపోయిన చక్రం చూసి భయపడనక్కర్లేదు, అది తరచుగా గట్టిపడిన సబ్బు మాత్రమే. కానీ ఆ పేరు చెప్పి ధర తగ్గించుకోండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫోటోలు అడగాలి, ముఖ్యంగా వాళ్లు పెట్టనివి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. “వాడనిది, మింట్” అని రాసిన ఒక ఓల్డ్ టైప్ తెప్పించుకున్నాను. ఫోటోలన్నీ ఒక వైపునుంచే తీశారని డబ్బు కట్టాక గమనించాను. వచ్చింది చూస్తే రెండో వైపు పిడి మెడ మీద సన్నటి చీలిక. బిగిస్తే చీలిక నోరు తెరుస్తుంది. ఫోన్ చేస్తే ఆయన చాలా మర్యాదగా “వందేళ్ల వస్తువు కదా సార్, ఆ మాత్రం ఉండదా” అన్నాడు. అప్పటినుంచి పిడి నాలుగు వైపులా, బ్లేడు బిగించాక పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తల అడుగున కోడ్ దగ్గర్నుంచి ఒకటి, ఇన్ని ఫోటోలు పంపేదాకా డబ్బు పంపను. పంపడానికి విసుక్కునేవాళ్ల దగ్గర కొనను.

మెరుపును చూసి మోసపోకండి. మళ్లీ పూత వేయించిన రేజర్ అద్దంలా ఉంటుంది, కానీ అక్షరాలు, పిడి మీది గళ్లు మొద్దుబారి కనిపిస్తాయి. పూత ముందు సానపట్టడంతో అంచులు అరిగిపోతాయి. వాడుకోవడానికి అది ఇబ్బంది కాదు. సేకరణకైతే, అసలు పూతతో కాస్త మాసిపోయినదే విలువైనది. పెట్టె, సూచనల కాగితం ఉంటే సేకరించేవాళ్లు ఎక్కువ ఇస్తారు. గీసుకునేవాళ్లకి ఆ పెట్టె అనవసరం, అది లేనిదే చవగ్గా తీసుకోండి.

ఎక్కడ వెతకాలి

హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. ముంబై వెళ్తే చోర్ బజార్. ఓపిక కావాలి, పది వారాలకు ఒకటి దొరికితే గొప్ప. ఇక్కడి కుప్పల్లో టెక్‌లు, రాకెట్‌లు, రోల్స్ పెట్టెలు తగిలే అవకాశం ఉంది. అమెరికా సూపర్ స్పీడ్, స్లిమ్ లాంటివి కావాలంటే ఆన్‌లైనే దారి, లేదా అక్కడున్న బంధువులు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే అన్నయ్యకి శనివారం గరాజ్ సేల్, ఎస్టేట్ సేల్ చూసిరమ్మని చెప్పండి. ఇల్లు ఖాళీ చేసి సామానంతా అమ్మేచోట బాత్రూమ్ డబ్బాలు ఎవరూ పట్టించుకోరు. పాత రేజర్లు ఉండేది అక్కడే. వచ్చేటప్పుడు చెక్-ఇన్ సూట్‌కేసులో వేసుకోమనండి. బ్లేడు ఉన్న రేజర్‌ను చేతిసంచిలో విమానంలోకి తీసుకెళ్లనివ్వరు.

ధర తెలుసుకోవడానికి అమ్మకానికి పెట్టినవాటి ధరలు చూడకండి. వాళ్ల ఆశ అది. వేలం సైట్లలో “అమ్ముడైనవి” అనే జాబితా విడిగా ఉంటుంది, అందులో ఎంతకు పోయాయో చూడండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపాక స్లిమ్ ధర అక్కడి ఫ్యాట్‌బాయ్ ధరను తాకొచ్చు, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

చింతపండు వద్దు

ఇత్తడి అనగానే మన ఇళ్లలో చెయ్యి చింతపండు మీదకో పీతాంబరి పొడి మీదకో పోతుంది. నా దగ్గర బంగారు పూత ఉన్న అరిస్టోక్రాట్ ఒకటి ఉండేది. ఇంకా ఉంది, బంగారమే లేదు. పూజ సామాన్లతోపాటు మా అమ్మ దాన్ని కూడా పీచు పెట్టి తోమేసింది. “ఇప్పుడు చూడు ఎలా మెరుస్తోందో” అంది. మెరిసింది, ఇత్తడిలా. ఆ పాత బంగారు పూత చాలా పల్చన, గట్టిగా రుద్దినా, పులుపు తగిలినా నిలవదు.

గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో మెత్తగా రుద్దితే ఎక్కువ భాగం వచ్చేస్తుంది. బిగిసిన చక్రాలు, రెక్కలు రెండు మూడుసార్లు ఇలా నానాక వదులవుతాయి, శ్రావణం పెట్టి తిప్పితే గళ్లు పాడవుతాయి. అల్యూమినియం పిడిని పులుపులోనూ, సోడాలోనూ వేయకండి, నల్లబడుతుంది. మొత్తం తోమాక మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో కాసేపు ముంచి ఆరనివ్వండి. ఎవరి మొహం మీద తిరిగిందో మనకు తెలియని వస్తువు కదా.

మొదటిసారి గీసుకోవడం ఆదివారం పెట్టుకోండి, స్నానం అయ్యాక, గడ్డం నానాక. అడ్జస్టబుల్ అయితే చక్రం 3 మీద ఉంచండి. అంకె మార్చేముందు నేనైతే కింది గుండీ సగం తిప్పి బ్లేడు వదులు చేస్తాను, లోపలి స్ప్రింగు మీద భారం పడకుండా. మూడు బ్లేడ్ల ప్లాస్టిక్ రేజర్‌తో అలవాటైన చెయ్యి నొక్కుతుంది, అదొక్కటి గుర్తుపెట్టుకుని ఆపుకోండి. రేజర్ బరువు దాని పని అది చూసుకుంటుంది. గడ్డం కింద, కంఠం దగ్గర మొదటి వారం పైనుంచి కిందికి మాత్రమే. గీతలు పడితే బ్లేడు కంపెనీ మార్చి చూడండి, పది రూపాయలతో పోయేదానికి ఇంకో రేజర్ కొనక్కర్లేదు.